ఎత్తైన భవనం గురించి చుట్టుపక్కల జనాన్ని అడగడం ఎలా?

"ఇక్కడ ఎత్తైన భవనం కడితే మీకు ఇష్టమేనా?" అని అడిగితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. ఎత్తంటే ఒకరికి ఏడంతస్తులు, ఇంకొకరికి నలభై. పైగా వద్దన్న మనిషి దేన్ని వద్దంటున్నాడో తెలియదు: ఎత్తునా, నీడనా, పెరిగే ట్రాఫిక్‌నా, పైనుంచి ఎవరో తన ఇంట్లోకి తొంగిచూడటాన్నా? సర్వే చేసేది ఈ ముడులు విప్పడానికే.

ముందు కొలత తేల్చండి. నివాస భవనంలో ఒక్కో అంతస్తు సుమారు 3 నుంచి 3.3 మీటర్లు, ఆఫీసులైతే 4 మీటర్ల దాకా ఉంటుంది. అందుకే 20 అంతస్తులంటే ఒకచోట 60 మీటర్లు, మరోచోట 80. మీటర్లు చెప్పినా చాలామంది కళ్లకు కట్టవు కాబట్టి, ఆ చుట్టుపక్కల అందరూ రోజూ చూసే కట్టడానికి ఎన్నింతలో కూడా చెప్పండి.

తర్వాత బొమ్మ. బ్రోచర్లలో ఉండే, ఆకాశం నుంచి చూసినట్టున్న బొమ్మ వద్దు. పక్షులను కాదు కదా మనం అడిగేది! నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి కంటి ఎత్తులో, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) 50 ఎంఎం లెన్సు పెట్టి ఫొటో తీసి, అందులో భవనాన్ని కొలత ప్రకారం అమర్చండి. వైడ్ లెన్సుతో తీస్తే దూరంగా ఉన్నది అసలుకంటే చిన్నగా కనిపిస్తుంది, సర్వే అక్కడే ఒక పక్కకు ఒరిగిపోతుంది. లేని చెట్లు, నవ్వే పిల్లలను అతికించొద్దు. ఆకాశాన్ని కావాలని నల్లగా చేయడమూ అంతే తప్పు.

నీడను లెక్కగట్టి చూపండి. ఎత్తును, సూర్యుడు దిగంతం నుంచి ఎంత కోణంలో ఉన్నాడో దాని టాన్ విలువతో (త్రికోణమితిలోని టాంజెంట్, కాలిక్యులేటర్‌లో tan) భాగిస్తే నీడ పొడవు వస్తుంది. 60 మీటర్ల భవనానికి, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ 60 మీటర్లు. 30 డిగ్రీలకు 104, 20 డిగ్రీలకు 165. జనానికి మాత్రం "మీ ఇంటి మీద రోజుకు ఇన్ని గంటలు పడుతుంది" అనే చెప్పాలి. ఇది చిన్న విషయం కాదు. న్యూయార్క్‌లో 1915లో పూర్తయిన ఈక్విటబుల్ బిల్డింగ్ వీధుల మీద పరిచిన నీడపై రేగిన గొడవ 1916 నాటి జోనింగ్ నిబంధనలకు (నగరంలో ఎక్కడ ఏం, ఎలా కట్టొచ్చో చెప్పేవి) ఊతమిచ్చింది.

ఇక అసలు ప్రశ్న. ఎత్తును విడిగా అడగకండి, దానికి బదులుగా ఏం వస్తుందో పక్కన పెట్టి అడగండి. 5,000 చదరపు మీటర్ల స్థలంలో 15,000 చదరపు మీటర్ల కట్టుబడి రావాలనుకోండి. ఆరంతస్తుల్లో కడితే ఒక్కో అంతస్తు 2,500, సగం స్థలం నిండిపోతుంది. 20 అంతస్తుల్లో కడితే ఒక్కో అంతస్తు 750, స్థలంలో 85 శాతం ఖాళీ. రెండు బొమ్మలూ చూపించి ఏది మేలో అడిగితే, ఎత్తును ద్వేషించేవాళ్లెవరో, కట్టడాన్నే వద్దనేవాళ్లెవరో విడిపోతారు. ఖాళీ జాగా పార్కు అవుతుందా, పార్కింగ్ అవుతుందా అన్నది కూడా బొమ్మలో తేల్చి చూపాలి. లేకపోతే ఎవరికి వాళ్లు పార్కునే ఊహించుకుంటారు.

అభ్యంతరాల జాబితా ఇస్తే వాటి వరుస మనిషి మనిషికీ మార్చండి. కాగితం మీద పైనున్నవాటికి టిక్కులు ఎక్కువ పడతాయి, చదివి వినిపిస్తే చివర విన్నవి గుర్తుంటాయి.

ఎవరిని అడగాలి? సమావేశానికి వచ్చినవాళ్లను మాత్రమే అడిగితే కోపమున్నవాళ్ల లెక్కే వస్తుంది. 3,000 ఇళ్లుంటే, 300 కావాలంటే, ప్రతి పదో తలుపు తట్టండి. ఆ ఇంట్లో రాబోయే పుట్టినరోజు ఏ పెద్దవాళ్లదైతే వాళ్లనే అడగండి. తాళం ఉంటే వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి, పక్కింటితో సరిపెట్టుకుంటే రోజంతా పనికి పోయేవాళ్లు జారిపోతారు. అద్దెకుండేవాళ్లను వదలకండి. 200 మీటర్ల లోపు ఇళ్లను, ఆ తర్వాతివాటిని విడివిడిగా లెక్కించండి. దగ్గరివాళ్ల బాధ నీడ, దూరంవాళ్లకు కనిపించేది ఆకాశరేఖ, అంటే ఆకాశం మీద కట్టడాలు గీసే రూపురేఖ.

400 మందిని ఇలా ఎంచుకుంటే ఫలితం దాదాపు 5 శాతం అటూ ఇటూ, 100 మందైతే 10 శాతం. కాబట్టి 400 మందిలో 52 శాతం "సరే" అంటే జనం ఒప్పుకున్నారని ప్రకటించొద్దు. "ఫరవాలేదు" అన్నవాళ్లను మద్దతుదారుల్లో కలపడం మరీ అన్యాయం.

ఈ అభిప్రాయం ఎప్పటికీ ఇలాగే ఉంటుందనీ రాయకండి. ఈఫిల్ టవర్‌ను 1887లో పారిస్ కళాకారులు బహిరంగ లేఖతో ఖండించారు. ఇప్పుడు అదే ఆ నగరానికి గుర్తు. అదే పారిస్‌లో 1973లో పూర్తయిన 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ మీద మాత్రం విసుగు చల్లారలేదు, 1977లో నగరంలో ఎత్తును 37 మీటర్లకు పరిమితం చేశారు. అందుకని భవనంలో జనం దిగిన రెండేళ్లకు అవే ప్రశ్నలతో, అవే చోట్ల తీసిన ఫొటోలతో మళ్లీ వెళ్లండి. కొత్తగా దిగినవాళ్ల జవాబులు విడి పట్టికలో ఉంచండి, ఆ ఇంటిని ఏరికోరి కొనుక్కున్నవాళ్లు కదా.