లెక్క మాని తినడం నేర్చుకుందాం – మూడవ పాఠం: భోజనం మధ్యలో ఆగడం

మొదటి పాఠంలో ఫోనులోని క్యాలరీల యాప్‌ను తీసేశాం, వంటింటి కాటాను అటక మీద పెట్టాం. రెండవ పాఠంలో కంచం ముందు కూర్చోగానే ఆకలి ఏ స్థితిలో ఉందో ఒక్క మాటలో చెప్పుకోవడం సాధన చేశాం: ‘ఆకలి లేదు’, ‘ఆకలిగా ఉంది’, ‘కడుపు మాడుతోంది’. మళ్ళీ అంకెల జోలికి పోకూడదని కావాలనే మాటలు ఎంచుకున్నాం. ఆ సాధన ఇంకా కుదరనివారు మరో వారం అక్కడే ఉండండి, తొందరేమీ లేదు. కుదిరినవారు ఈ వారం భోజనం మధ్యలోకి రావాలి. కడుపు ‘చాలు’ అనే సమయాన్ని పట్టుకోవడమే ఈ పాఠం.

అంతకుముందు ఒక హెచ్చరిక. ఇన్సులిన్ వేసుకునేవారు డాక్టరును అడగకుండా పిండిపదార్థాల లెక్క మానకూడదు. వారికి ఆ లెక్క మందు మోతాదుతో ముడిపడి ఉంటుంది. తిన్నదాన్ని కావాలని కక్కుకోవడం, రోజుల తరబడి పస్తులుండటం, ఎవరూ చూడకుండా ఆపుకోలేనంతగా తినడం వంటివి ఉన్నవారికి ఈ పాఠాలు సరిపోవు. వారు మానసిక వైద్యుణ్ణి కలవాలి. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే దీనికీ వెళ్ళవచ్చు.

సంగటి ముద్దతో మొదలు

నిదానంగా తినమని చెప్పేవారు చాలామంది ప్రతి ముద్దనూ ముప్పై రెండుసార్లు నమలమంటారు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ 1979లో ప్రారంభించిన ధ్యాన శిక్షణలో ఒకే ఒక్క ఎండుద్రాక్షను చేతిలో పట్టుకుని, తిప్పి చూసి, వాసన పీల్చి, ఆ తర్వాత నెమ్మదిగా నమిలే అభ్యాసం ఉంటుంది. అది మంచి అభ్యాసమే. అయితే అనంతపురంలో చాలా ఇళ్ళలో కంచంలోకి వచ్చేది రాగి సంగటి. సంగటిని నమలరు, మింగుతారు. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, తిన్న తృప్తీ ఉండదు. కాబట్టి ముప్పై రెండు లెక్కను కూడా పక్కన పెడదాం. సంగటి తినేవారి నిదానం వేళ్ళలో ఉండాలి.

వేడి ముద్ద అంచు నుంచి చిన్న నిమ్మకాయంత తుంచండి. వేళ్ళు కాలితే ఆగండి, ఆ ఆగడం కూడా సాధనలో భాగమే. వేళ్ళతో గుండ్రంగా చేసి బొటనవేలితో మధ్యలో చిన్న గుంత నొక్కండి. పప్పో, గోంగూరో, వేరుశనగ పచ్చడో ఆ గుంతలోకి అద్దుకుని నోట్లో పెట్టుకోండి. మింగిన వెంటనే మరో ముద్ద కోసం చేయి వెళ్తుంది. అక్కడే దాన్ని ఆపాలి. చేతిని కంచం అంచు మీద ఉంచి, గొంతు దాటిన వెచ్చదనం ఛాతీ వెనుకగా కిందికి దిగడాన్ని గమనించండి. సంగటితో ఇది ఎంత స్పష్టంగా తెలుస్తుందో అన్నంతో అంత తెలియదు. ఈ పాఠానికి సంగటిని ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఇక ఆగవలసిన చోటు. వడ్డించేటప్పుడే ముద్దను రెండు చేసి, ఒక సగాన్ని గిన్నెలో పెట్టి మూత వేయండి. మూత మరవకండి, చల్లారితే సంగటి పైన పొర కట్టి గట్టిపడుతుంది. కంచంలోని సగం పూర్తయ్యాక రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. అంతకంటే ఎక్కువసేపు ఆగమని చెప్పను, చల్లారిన సంగటి తినమనడం న్యాయం కాదు. ఆ రెండు నిమిషాల్లో ఒక్క ప్రశ్న వేసుకోండి: మొదటి ముద్దలో ఉన్న రుచి చివరి ముద్దలో ఉందా?

ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఒకే పదార్థాన్ని తింటూ పోతే కడుపు నిండకముందే ఆ పదార్థం మీద ఇష్టం తగ్గడం మొదలవుతుంది. పప్పూ అన్నం ఇక వద్దనిపించిన మనిషి భక్ష్యం కనిపించగానే చేయి చాచడానికి కారణం కూడా ఇదే. ఒక రుచి చాలనిపిస్తుంది, కొత్త రుచికి ఆ అడ్డు ఉండదు. పచ్చడి ఘాటు మొదట్లో ముక్కు దాకా వెళ్ళి, ఇప్పుడు నాలుకకు మామూలుగా అనిపిస్తుంటే కడుపు నుంచి రాబోయే కబురుకు అది తొలి సూచన. టీవీ చూస్తూ తినేవారికి ఈ సూచన అందదు. అది పెద్దగా అరిచే సూచన కాదు.

కడుపు కబురు ఎందుకు ఆలస్యమవుతుంది

తిండి చేరగానే కడుపు గోడలు సాగుతాయి. ఆ సంగతిని వేగస్ నాడి మెదడుకు చేరవేస్తుంది. తిన్నది చిన్నపేగు మొదటి భాగానికి చేరాక, ముఖ్యంగా కొవ్వు, మాంసకృత్తులు తగిలినప్పుడు, కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. ఇంకా కిందికి వెళ్ళాక జీఎల్‌పీ-1, పీవైవై అనే మరో రెండు హార్మోన్లు వస్తాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ మెల్లగా తగ్గుతుంది. ఇవన్నీ కలిసి ‘చాలు’ అనే భావం పూర్తిగా తెలియడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. పది నిమిషాల్లో చేయి కడుక్కునే మనిషికి ఆ భావం వచ్చేసరికి కంచం ముందు ఎవరూ ఉండరు. బరువుగా ఉందని తర్వాత నడుము వాల్చడమే మిగులుతుంది.

ఇది తెలిశాక కూడా యాప్ వైపు మనసు లాగుతుందని కొందరు అంటున్నారు. అంకె ఉంటే ధైర్యంగా ఉంటుందట. ఆ ధైర్యం దేని మీద నిలబడిందో చూద్దాం. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9 క్యాలరీలు అనే లెక్క పందొమ్మిదవ శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. గొప్ప పనే, కానీ అవి సగటు విలువలు. 28 గ్రాముల బాదం పప్పులో సుమారు 170 క్యాలరీలని ఆ లెక్క చెబుతుంటే, 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషుల మీద పరీక్షించి చూసినప్పుడు వాళ్ళ ఒంటికి అందినవి 129 మాత్రమే. నమిలినా పగలని కణాల గోడల మధ్య కొంత కొవ్వు చిక్కుకుని అలాగే బయటికి పోతుంది. మన వేరుశనగదీ ఇదే కథ: గుప్పెడు వేయించిన గింజలు తిన్నప్పుడు ఒంటబట్టే కొవ్వు, అదే గింజల నుంచి తీసిన నూనె తాగితే ఒంటబట్టేంత ఉండదు. ఇక సంగటి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 క్యాలరీలు. అది పొడి రాగుల సంగతి. ఎసట్లో ఎన్ని నీళ్ళు పోశారు, బియ్యం ఎంత వేశారు, ముద్ద ఎంత చుట్టారు అన్నది ఇంటింటికీ మారుతుంది. యాప్‌లో కనిపించే ‘సంగటి, ఒక ముద్ద’ ఎవరి ఇంటి ముద్ద?

‘లెక్క మానితే అదుపు లేకుండా తినేస్తానేమో’ అన్న భయం మాత్రం తీసిపారేయదగింది కాదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకు సగటున 1,570 క్యాలరీల దాకా మాత్రమే పెట్టారు. వాళ్ళ ధ్యాసంతా తిండి మీదికే పోయింది. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. ఆంక్ష తీసేశాక, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నవారున్నారు. చాలాకాలం బిగబట్టి తిన్నవారికి మొదటి వారాల్లో తిండి ఎక్కువగా లాగడం సహజం. ఆ లాగుడును బలహీనత అనుకుని మళ్ళీ అంకెలు బిగించకండి. పూట తప్పకుండా, ఆకలికి సరిపడా తింటూ వెళ్తే చాలామందిలో అది నెమ్మదిస్తుంది.

కంచంలో మెతుకు మిగల్చకూడదన్నప్పుడు

సగంలో ఆగమంటే మన ఇళ్ళలో మొదట అడ్డొచ్చేది ఈ నియమమే. దీన్ని తేలిగ్గా చూడలేను. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉండేది, 1882లో వేరు జిల్లా అయింది. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనులకు వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, పైన ఒక అణా చాలునని బ్రిటిష్ ప్రభుత్వం కరువు పర్యవేక్షణకు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఆ తిండితో ఒళ్ళు నిలవదని ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారి కార్నిష్ పోరాడితే ఆ ఏడాదిలోనే పెంచారు. మనిషి ఆకలిని అతన్ని అడగకుండా దూరంగా కూర్చుని తూచడం ఎంత క్రూరంగా మారగలదో ఈ నేల చూసింది. అలాంటి చోట అవ్వలు మెతుకును కళ్ళకద్దుకున్నారంటే దానికి బలమైన కారణం ఉంది.

అందుకే నేను కంచంలో వదిలేయమని చెప్పను. జాగ్రత్త వడ్డన దగ్గరే పడాలి. సగం ముద్దే వేయించుకోండి, కావాలంటే మారు అడగండి. మూత కింద మిగిలిన సగం ఎంగిలి కాదు, ఇంట్లో మరొకరు తింటారు, లేదా పొద్దున మజ్జిగలో కలుపుకుంటారు.

బంధువుల ఇంట్లో ఇంత సులువు కాదు. ‘ఇంకొక్క ముద్ద వేసుకో అమ్మా, ఏమీ తిననేలేదు’ అని అత్త గరిటె పట్టుకుని నిలబడితే ‘నాకు చాలు’ అన్న మాట ఆమెకు నొప్పిగా తగులుతుంది. ‘పప్పు చాలా బాగుంది అత్తా, కాస్త మజ్జిగ పోయండి, కూర్చుని తాగుతాను’ అనండి. ఆమె చేత్తో ఏదో ఒకటి పెట్టించుకున్నట్టవుతుంది, మీకు ఆగే సమయమూ దొరుకుతుంది. ఆ తర్వాత నిజంగా ఆకలి ఉంటే మొహమాటపడకుండా ముద్ద అడగండి.

ఈ వారం సాధన

రోజుకు ఒక్క పూట చాలు, రాత్రి భోజనమైతే మేలు. ఫోను వేరే గదిలో ఉండాలి. సగం దగ్గర ఆగిన తర్వాత ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: ‘పచ్చడి రుచి తగ్గింది, ఇంకా ఆకలి ఉంది’, ‘ముద్ద నచ్చుతోంది కానీ పొట్ట బిగిసింది’, ఇలా. ఇంకా ఆకలి ఉందని తేలితే రెండో సగం తినాల్సిందే. ఆగడం అడగడానికే, మానడానికి కాదు. పొద్దున ఉగ్గాని, బజ్జీ దగ్గర ఈ సాధన వద్దు. నిలబడి, ఆఫీసు బస్సు చూసుకుంటూ తినే తిండికి వేరే పద్ధతి కావాలి, అది వచ్చే పాఠం.

మధ్యలో ఆగడం మరిచిపోయి మొత్తం తినేసిన రోజు ‘మరిచాను’ అని రాసి వదిలేయండి. మరుసటి పూట తగ్గించి సరిచేయాలని చూడకండి, ఆకలి వేసిన వేళకు మామూలుగా తినండి. కాగితాలు మాత్రం దాచి ఉంచండి, నాలుగవ పాఠంలో వాటిని ముందు పెట్టుకుని కూర్చోవాలి.