పండక్కి అరిసెలు హాయిగా తినండి

సంక్రాంతికి అరిసె చేతిలో పట్టుకుని "అమ్మో ఎంత నూనో, ఎంత బెల్లమో" అనుకుంటూ తినేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అలా తింటే రుచీ తెలీదు, తృప్తీ ఉండదు, కాసేపటికి మళ్లీ డబ్బా దగ్గరికే వెళ్తారు. ఒక పని చేయండి. అరిసెని భోజనం మీద అదనంగా కాకుండా పొద్దున టిఫిన్ బదులే తినండి, రెండు ప్లేట్లో పెట్టుకుని కూర్చుని, ఆ నువ్వులు పంటికింద పడేలా మెల్లగా. డబ్బా ఒళ్లో పెట్టుకుంటే ఎన్ని తిన్నామో లెక్క ఉండదు, సకినాలు జంతికలు అయితే మరీను, టీవీ చూస్తూ సగం డబ్బా లేపేస్తాం.

అయినా అరిసెలు ఎక్కడికీ పోవు కదా, పాకం సరిగ్గా కుదిరి, చెక్కలతో నూనె బాగా నొక్కి తీసినవి గాలి తగలని డబ్బాలో రెండు వారాలు నిక్షేపంగా ఉంటాయి, భోగి రోజే అన్నీ తినేయక్కర్లేదు. కనుమ నాడు గారెలు, నాటుకోడి పులుసు ఉంటే ఆ పూట స్వీట్ పక్కన పెట్టి వాటినే కడుపునిండా తినండి, రాత్రికి కాస్త మజ్జిగన్నం చాలు. తిన్నందుకు శిక్షలాగా మర్నాడు కడుపు మాడ్చుకోవద్దు, సాయంత్రానికి ఆకలి ఆగక ఇంకా ఎక్కువ తింటారు.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినొచ్చో ముందే డాక్టర్ని అడగండి, బెల్లమే కదా అనుకోకండి, అది కూడా షుగర్ పెంచుతుంది. ఇక అత్తయ్య బలవంతంగా వడ్డిస్తుంటే "రేపటికి దాచు అత్తయ్యా, పొద్దున టీతో తింటా" అనండి, ఆవిడా సంతోషిస్తుంది.