కృష్ణలో కెనూలు దింపే ముందు ఒడ్డున చేయవలసిన పని

ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ ఏడాదిలో చాలా రోజులు పెద్ద చెరువులా నిలిచి కనిపిస్తుంది. ఆ ప్రశాంతతను నమ్మే చాలామంది ఏ ఏర్పాటూ లేకుండా కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ, ఎక్కేస్తారు. నిజానికి ఆ నీటిలో కదలిక ఉంటుంది. తూర్పు, పశ్చిమ ప్రధాన కాలువలకు నీరు వదిలినప్పుడు బ్యారేజీ రెండు కొసల దగ్గరా లాగుడు ఉంటుంది; పైనుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు. అందుచేత బ్యారేజీకి దూరంగా, పున్నమి ఘాట్ వైపు నుంచి భవానీ ద్వీపం దిశగా ఎగువకు సాగేలా దారి నిర్ణయించుకోవాలి. ఓపిక ఉన్నప్పుడు ప్రవాహానికి ఎదురు వెళితే, చేతులు అలసిన తరువాత తిరుగు ప్రయాణంలో నీరే కొంత సాయపడుతుంది.

వానాకాలంలో ఈ ఆలోచనే పెట్టుకోకూడదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్లనే ఢీకొన్నాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అప్పుడు కూడా మంచు పూర్తిగా విడిన తరువాతే బయలుదేరి, గాలి లేచే లోపు, అంటే మధ్యాహ్నానికి ముందే ఒడ్డు చేరాలి. నీటి విడుదల సంగతి జలవనరుల శాఖ సిబ్బందిని, పడవలు దింపడానికి అనుమతి సంగతి పర్యాటక శాఖ వారిని ముందు రోజే అడగాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం లైఫ్ జాకెట్లకు కేటాయించాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో ప్రయాణికులకు జాకెట్లు లేవు. అయితే జాకెట్ ఒంటిమీద ఉన్నంత మాత్రాన చాలదు. బకిల్స్ అన్నీ బిగించాక, పక్కవారు రెండు భుజాల దగ్గర పట్టుకొని గట్టిగా పైకి లాగాలి. అది గడ్డం దాటి పైకి వస్తే, నీళ్లలో మనిషి జారిపోతాడు, జాకెట్ మాత్రం తేలుతుంది. మా మొదటి ప్రయాణంలో పన్నెండేళ్ల పిల్లవాడు అన్నయ్య జాకెట్ వేసుకొని వచ్చాడు. లాగి చూస్తే చెవుల దాకా వచ్చింది. వేరేది దొరికేదాకా అందరం గంటసేపు ఒడ్డునే కూర్చున్నాం. ఆ గంట వృథా అయిందని నేను ఎన్నడూ అనుకోలేదు.

తరువాత నడుము లోతు నీటిలో కెనూను కావాలనే ఒకసారి తిరగేయాలి. పడినవారు ఒడ్డుకు ఈదబోకుండా, తిరగబడిన పడవను పట్టుకొని ఉండడం అలవాటు చేసుకోవాలి. దూరం నుంచి మనిషి తల కంటే పడవే ముందు కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు ఒకరు పడవను పట్టుకుంటే, మరొకరు వంగి, రెండు అంచులూ పట్టుకొని సరిగ్గా మధ్యలో అడుగు వేయాలి. అనుభవం ఉన్నవారు వెనుక కూర్చొని దారి మళ్లించాలి, ముందున్నవారి తెడ్డు లయను ఇద్దరూ పాటించాలి.

సామాను తక్కువే చాలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర పొట్లాలు, అరటిపళ్లు, టోపీ, తడవని సంచిలో ఫోను. సంచులను పడవకు కట్టేయాలి. తడిస్తే బరువెక్కే జీన్స్ వద్దు.

బృందానికి ముందు పడవ, చివరి పడవ ఎవరివో బయలుదేరే ముందే తేలాలి. ముందు పడవను ఎవరూ దాటకూడదు, చివరి పడవ ఎవరినీ వదలకూడదు, అందరికంటే నెమ్మదిగా తెడ్డు వేసేవారి వేగమే అందరి వేగం కావాలి. ప్రతి ఒక్కరి మెడలో విజిల్ ఉండాలి. మూడుసార్లు ఊదితే ఆపద అని అర్థం. దారిలో నీటిపై తేలే థర్మాకోల్ ముక్కలు కనిపిస్తే వాటి కింద జాలరుల వలలు ఉంటాయి, చుట్టి వెళ్లాలి. గుర్రపుడెక్క గుంపులోకి పడవను పోనివ్వకూడదు, తెడ్డు ఆడదు.

ఘాట్‌లో ఒకరు ఉండిపోవాలి. ఆ వ్యక్తి చేతిలో అందరి పేర్లు, ఇంటివారి ఫోను నంబర్లు, తిరిగి రావలసిన సమయం రాసిన కాగితం ఉండాలి. అనుకున్న సమయానికి అరగంట దాటినా పడవలు కనిపించకపోతే, ఇంకొంచెం చూద్దామని ఆగకుండా 112కు ఫోను చేయాలి. తిరిగి వచ్చినవారు ఒక్కొక్కరుగా వచ్చి తమ పేరు కొట్టేయించుకున్నాకే జాకెట్ విప్పాలి.