ఏఐతో సొంత యాప్ – 4వ పాఠం: పరాయివాళ్ల డేటా, పరాయివాళ్ల డబ్బు

గత పాఠం ముగిసేసరికి మన యాప్ నడుస్తోంది. సంగీతం టీచర్ లాగిన్ అవుతారు, విద్యార్థుల పేర్లు చేరుస్తారు, ఎవరు ఎన్ని క్లాసులకు వచ్చారో, ఎవరి ఫీజు బాకీ ఉందో చూసుకుంటారు. కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్‌లో కర్సర్‌తో చేసినా, క్లాడ్ కోడ్‌తో చేసినా ఇక్కడిదాకా వచ్చేసి ఉంటారు. ఇక లింక్ నలుగురికీ పంపాలని చెయ్యి దురద పెడుతుంది.

కాస్త ఆగండి. ఇప్పటిదాకా అందులో ఉన్నవి మీరు కల్పించిన పేర్లు. లింక్ బయటికి వెళ్లాక ఉండేవి ఎవరి పిల్లల పేర్లో, వాళ్ల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఎవరో కట్టిన డబ్బు.

2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ ‘వైబ్ కోడింగ్’ అనే మాట పుట్టించారు. కోడ్ చదవకుండా ఏఐ ఇచ్చిందల్లా ఒప్పుకుంటూ పోయే పద్ధతి అది. మాట లోకమంతా తిరిగింది గానీ, వాడి పారేసే వారాంతపు ప్రాజెక్టులకైతే ఇది పర్వాలేదని ఆయన అదే పోస్టులో అన్న సంగతి వెనకబడిపోయింది. మొదటి మూడు పాఠాల్లో మనం చేసిందీ దాదాపు అదే. ఇకనుంచి కొంత కోడ్ చదవక తప్పదు. అంతా అక్కర్లేదు లెండి. బటన్ రంగు ఏ ఫైల్లో ఉందో మీకు తెలియకపోయినా వచ్చే నష్టం లేదు. డేటా, కీలు (వేరే సర్వీసులను వాడుకోవడానికి ఇచ్చే, పాస్‌వర్డ్ లాంటి సంకేతాలు), డబ్బు ఉన్న చోట్ల మాత్రం ప్రతి లైనూ మీకు అర్థం కావాలి.

ఎవరి డేటా ఎవరికి కనిపిస్తోంది?

రెండు అకౌంట్లు తెరిచి, వేరు వేరు బ్రౌజర్లలో లాగిన్ అవ్వండి. మొదటి టీచర్‌గా ఒక విద్యార్థి పేజీకి వెళ్లి అడ్రస్ బార్ చూడండి. చివర 41 అని ఉందనుకుందాం. ఆ అడ్రస్‌ను రెండో బ్రౌజర్‌లో పేస్ట్ చేయండి. వివరాలు కనిపించాయా? అయితే అకౌంట్ ఉన్న ఎవరైనా ఆ అంకె మారుస్తూ అందరి పిల్లల వివరాలూ చదివేయగలరు.

ఇది అరుదైన లోపమేమీ కాదు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన పది ముప్పుల జాబితాలో మొదటి స్థానం ఈ కోవదే. లాగిన్ పెట్టమంటే ఏఐ లాగిన్ పెడుతుంది. వచ్చినవాళ్లు ఎవరో కనుక్కుంటుంది. వాళ్లు అడిగిన రికార్డు వాళ్లదేనా అన్నది మాత్రం గట్టిగా చెబితే తప్ప ప్రతిచోటా చూడదు. వీధి గేటుకు తాళం వేసి లోపల గదులన్నీ బార్లా తెరిచిపెట్టినట్టు ఉంటుంది పరిస్థితి.

సూపాబేస్ (యాప్ డేటాను ఆన్‌లైన్లో దాచిపెట్టే సర్వీసు) వాడేవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. అక్కడ మామూలుగా బ్రౌజరే డేటాబేస్‌తో నేరుగా మాట్లాడుతుంది. బ్రౌజర్‌లో ఉండే పబ్లిక్ కీ అందరికీ కనిపించేదే, దాన్ని దాచక్కర్లేదు. కాపలా అంతా సూపాబేస్ వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని రో లెవెల్ సెక్యూరిటీది, అంటే ఏ రికార్డు ఎవరు చూడొచ్చో తేల్చే రూల్స్‌ది. అది ఆన్‌లో లేని టేబుల్‌ను ఎవరైనా చదివేయొచ్చు. ఆన్‌లో ఉన్నా లోపల రూల్ ఏముందో చదవండి. ఎర్రర్ వస్తోందని మీరు విసుక్కుంటే, దాన్ని పోగొట్టడానికి ఏఐ ఒక్కోసారి ఆ రూల్‌లో ‘ట్రూ’ అని రాసేస్తుంది. ఎవరడిగినా ఇచ్చెయ్ అని దానర్థం. ఎర్రర్ పోతుంది, మీకూ టెన్షన్ పోతుంది. కాపలా కూడా పోయిందని తెలియదు.

రహస్య కీలు

పేమెంట్లకు, ఈమెయిళ్లకు, ఏఐ సర్వీసులకు వాడే రహస్య కీలు సర్వర్‌లోనే ఉండాలి. వెబ్ యాప్‌లు కట్టే వీట్ అనే టూల్‌తో చేసిన ప్రాజెక్టులో ‘వీట్’ (VITE_) అని మొదలయ్యే సెట్టింగులు, అలాంటిదే అయిన నెక్స్ట్ జేఎస్‌లో ‘నెక్స్ట్ పబ్లిక్’ (NEXT_PUBLIC_) అని మొదలయ్యేవి బ్రౌజర్ కోడ్‌లోకి వెళ్లడానికే ఉన్నాయి. కీ దొరకలేదని ఎర్రర్ వస్తే ఏఐకి తోచే సులువైన మరమ్మతు, కీ పేరుకు ముందు ఆ మాట తగిలించడం. అందుకే డిప్లాయ్ చేశాక (అంటే యాప్‌ను ఇంటర్నెట్‌లో పెట్టాక) బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి, కీలోని మొదటి కొన్ని అక్షరాలతో వెతకండి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి కీ ఎక్కి ఉంటే ఫైల్లోంచి తీసేయడం చాలదు, పాత కమిట్లలో (అప్పటికే దాచిన ప్రతుల్లో) అలాగే ఉంటుంది. రద్దు చేసి కొత్తది తీసుకోండి.

డబ్బు వచ్చిందని ఎవరు చెప్పాలి?

పేమెంట్ పెట్టమని అడిగితే ఏఐ తరచూ ఇచ్చే కోడ్ ఇలా ఉంటుంది: కార్డు పని అయ్యాక కస్టమర్ ‘ధన్యవాదాలు’ పేజీకి వస్తారు, ఆ పేజీ తెరుచుకోగానే అకౌంట్ పెయిడ్‌గా మారుతుంది. డెమోలో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ డబ్బు కట్టిన మనిషి ఆ పేజీ రాకముందే బ్రౌజర్ మూసేస్తే డబ్బు పోతుంది, సర్వీసు రాదు. డబ్బు కట్టని మనిషి ఆ పేజీ అడ్రస్ టైప్ చేస్తే సర్వీసు ఉచితం.

డబ్బు అందిందని చెప్పాల్సింది పేమెంట్ కంపెనీ సర్వర్, నేరుగా మీ సర్వర్‌కి. ఆ కబురునే వెబ్‌హుక్ అంటారు. స్ట్రైప్ అనే పేమెంట్ కంపెనీనే తీసుకుంటే, ప్రతి కబురు మీదా సంతకం ఉంటుంది. దాన్ని సరిచూడకపోతే ఎవరైనా దొంగ కబురు పంపొచ్చు. సరిచూడాలంటే వచ్చిన డేటా ఒక్క అక్షరం మారకుండా, వచ్చింది వచ్చినట్టు కావాలి. ఫ్రేమ్‌వర్క్ (మీ యాప్‌కు పునాదిగా ఉన్న రెడీమేడ్ కోడ్) ముందే దాన్ని జేసన్ అనే డేటా రూపంగా విప్పేస్తే సంతకం కుదరదు. అలా కుదరనప్పుడు, చెకింగ్‌నే తీసేసి ‘సరిచేశాను’ అని ఏఐ చెప్పే ప్రమాదం ఉంది. ఈ ఫైల్ మాత్రం మీరే పై నుంచి కింది దాకా చదవండి.

మరో సంగతి. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. మీ సర్వర్ జవాబివ్వకపోతే స్ట్రైప్ 3 రోజుల దాకా మళ్లీ మళ్లీ పంపుతుంది. కబురు నంబరు దాచుకుని, మళ్లీ అదే నంబరు వస్తే వదిలేయాలి. లేదంటే నెల సభ్యత్వం కాస్తా రెండు నెలలవుతుంది. అసలు డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లో అదే కబురును మళ్లీ పంపి చూసుకోండి.

ఏఐ చేతే తనిఖీ

‘ఈ కోడ్ సురక్షితమేనా?’ అని అడక్కండి, పొగడ్త తప్ప ఏమీ రాదు. ఆ కోడ్ రాసిన సంభాషణ వదిలేసి కొత్తది తెరిచి ఇలా అడగండి (రూట్ అంటే సర్వర్‌లో ఒక్కో పనికి ఉన్న అడ్రస్): ‘డేటా చదివే, మార్చే ప్రతి రూట్‌ను పట్టికగా ఇవ్వు. రికార్డు ఈ యూజర్‌దేనా అని ఏ ఫైల్లో, ఏ లైన్లో చూస్తున్నామో పక్కన రాయి. లేకపోతే లేదని రాయి. కోడ్ ముట్టుకోవద్దు.’ వచ్చిన లైన్ నంబర్లు తెరిచి చూడండి, ఏఐ ఒక్కోసారి లేని లైన్లు కూడా చెబుతుంది. ‘లేదు’ అన్న చోటల్లా ముందు టెస్టు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడ్) రాయించండి. అది ఫెయిలవడం కళ్లారా చూసి, కమిట్ చేసి, అప్పుడు కోడ్ సరిచేయించండి. మధ్యలో కమిట్ ఎందుకంటే, కోడ్ మార్చే బదులు టెస్టునే మార్చి పాస్ చేయించుకుంటే గిట్‌లో తెలిసిపోతుంది.

బ్యాకప్ ఒకసారైనా వేరే డేటాబేస్‌లోకి తిరిగి ఎక్కించి చూడండి. ఎర్రర్లు మీ ఈమెయిల్‌కు వచ్చే ఏర్పాటు చేయండి. ఆండ్రాయిడ్ యాప్ కూడా తేవాలనుకుంటే ఒక నియమం ముందే తెలియాలి: 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ అకౌంట్లకు, ప్లే స్టోర్‌లో అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంచుకున్న కొందరితో మాత్రమే చేయించే పరీక్ష) తప్పనిసరి. మొదట్లో 20 మంది టెస్టర్లు కావాలన్నారు, 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. వాళ్లు వరుసగా 14 రోజులు టెస్టులో ఉండాలి. ఆ 12 మందిని సంగీతం టీచర్లలోనే వెతకండి. స్నేహితులైతే ఇన్‌స్టాల్ చేసి, బాగుందని చెప్పి ఊరుకుంటారు.

ఈ వారం పని

రెండు అకౌంట్ల పరీక్షను విద్యార్థి పేజీతో ఆపకుండా ఫీజు, హాజరు పేజీల మీదా చేయండి. చూడటమే కాదు, మార్చడం, తీసేయడం కూడా ప్రయత్నించండి. రూట్ల పట్టిక తీయించి ‘లేదు’లన్నీ సరిచేశాకే లింక్ ఇద్దరు టీచర్లకు పంపండి, అదీ ఉచితంగా. కొత్త యాప్‌లను పరిచయం చేసే ప్రొడక్ట్ హంట్ సైట్‌లో పెట్టడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. అక్కడ తిరిగేది ఎక్కువగా మనలాంటి యాప్‌లు చేసేవాళ్లు, పాటలు నేర్పేవాళ్లు కాదు. ఆ ఇద్దరూ ఏ పేజీ దగ్గర ఆగిపోయారో రాసి ఉంచండి. ధర పెట్టడం గురించిన 5వ పాఠంలో ఆ కాగితంతో పని ఉంది.