పెద్ద వానలకు ముందు: తూర్పు ఆఫ్రికా రోడ్డు పనుల్లో జాగ్రత్తలు

కెన్యా, టాంజానియాల్లో మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు. టాంజానియాలో వీటిని మసికా అంటారు. అక్కడ రోడ్డు పనులు చూస్తున్న మన ఇంజినీర్లు ఫిబ్రవరి వచ్చేసరికి కొత్త తవ్వకాలు ఆపి, పడిన నీరు ఎటు పోతుందో చూసుకోవాలి. గడువు తరుముకొస్తోందని ఇంకో రెండు కిలోమీటర్లు తవ్వి పెట్టేవారిని చూస్తే బాధ కలుగుతుంది. వానలోగా మట్టి పొరలు వేసి, రోలరుతో గట్టిపరచగలిగినంత మేరే తవ్వండి.

నైరోబీకి దక్షిణాన అథి మైదానాల్లో చాలాచోట్ల మనకు తెలిసిన నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాన్ని తీసేసి మంచి మట్టి నింపాలి, లేదా సున్నం కలిపి స్థిరపరచాలి. తీసిన రేగడిని పక్కనే కుప్ప పోస్తే తొలి వానకే కాలువలోకి జారుతుంది. ఈ నేలలో పక్క కాలువను రోడ్డు కట్ట అంచునే తవ్వకండి, కనీసం 4 మీటర్లు ఎడంగా తవ్వండి. అంచు తడిసి ఉబ్బితే తారు రోడ్డు పొడవునా చీలుతుంది.

మొరం రోడ్లకు నడుమ నుంచి అంచులకు 4 నుంచి 6 శాతం వాలు ఉండాలి. రోడ్డును చదును చేసే గ్రేడరు యంత్రం వెళ్లాక అంచున సన్నని మట్టి గట్టు మిగులుతుంది. జానెడు ఎత్తే కదా అని వదిలేస్తే, నీటిని రోడ్డు మీదే నిలబెడుతుంది. పారలతోనైనా సరే తీయించండి.

అన్నిటికన్నా ముఖ్యం కల్వర్టులు, అంటే రోడ్డు కింద నీరు పోయే తూములు. ప్రతిదాని దగ్గరా దిగి, వంగి, లోపలికి చూడండి. అవతలి వెలుతురు నిండు గుండ్రంగా కనిపించాలి. అర్ధచంద్రుడిలా కనిపిస్తే అడుగున పూడిక ఉన్నట్టే. 600 మిల్లీమీటర్ల పైపులో మనిషి దూరి పూడిక తీయడం కష్టం. కొత్తవి వేసేచోట 900 అడగండి, ఖర్చు గురించి వాదించాల్సి వచ్చినా సరే. నీరు బయటపడేచోట రాళ్లు పరిపించకపోతే అక్కడే గొయ్యి పడి, కోత వెనక్కి పాకుతుంది.

2024 ఏప్రిల్ 29 తెల్లవారుజామున కెన్యాలోని మాయి మహియు దగ్గర, పాత రైలు కట్ట కింద నీరు పోయే సొరంగం చెత్తాచెదారంతో పూడుకుపోయింది. వెనుక నిలిచిన నీరు కట్ట తెంచుకుని ఇళ్ల మీద పడింది. 40 మందికి పైగా చనిపోయారు. తూము మూసుకుపోతే ఏ రోడ్డు కట్టయినా నీటిని అలాగే నిలుపుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకునేలా దాన్ని ఎవరూ కట్టరు.

దారులు తెగితే లారీలు రావు కాబట్టి డీజిలు, సిమెంటు, మందులు ముందే తెప్పించుకోండి. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే, ఎంత పెద్ద టిప్పరైనా దాటనివ్వద్దు.

మొరం తవ్విన గోతులు వానకు చెరువులవుతాయి. చుట్టుపక్కల పిల్లలు ఈతకు దిగుతారు. పూడ్చడానికి వ్యవధి లేకపోతే ఒడ్డులు వాలుగా చెక్కించి, ముళ్లకంప నాటించి, ఊరి పెద్దలకు స్వయంగా వెళ్లి చెప్పండి.