వాషబిలిటీ కర్వు మోడల్లో తప్పుతోందా? ముందు ఆ సున్నాలు చూడండి

ఫ్లోట్-సింక్ పరీక్ష (బొగ్గును వేర్వేరు సాంద్రతల ద్రవాల్లో వేసి, తేలినదాన్నీ మునిగినదాన్నీ విడదీసి తూచడం) అంటే ఏమిటో, బోరుహోల్ డేటాబేసులోకి ల్యాబు టేబులును ఎలా ఎక్కించాలో మీకు తెలుసనే లెక్కతో రాస్తున్నాను. ఆ అంకెల నుంచి గీసేదే వాషబిలిటీ కర్వు: ఏ సాంద్రత దగ్గర వేరుచేస్తే ఎంత బొగ్గు, ఎంత బూడిదతో వస్తుందో అది చెబుతుంది. గని మోడలింగ్ సాఫ్ట్‌వేర్ మైనెక్స్ కావచ్చు, వల్కన్ కావచ్చు, మెనూల పేర్లు మారతాయి కానీ రోగాలు అవే.

ఏ సమస్యకైనా మొదట చేయాల్సిన పని ఒకటుంది. దాదాపు ఎవరూ చేయరు. ప్రతి సాంద్రత తరగతిలో బరువు శాతాన్ని బూడిద శాతంతో గుణించి, అన్నీ కూడి, 100తో భాగించండి. ఆ నమూనాకు ల్యాబు విడిగా ఇచ్చిన ముడిబొగ్గు బూడిదతో అది సరిపోవాలి. ఒక ఉదాహరణ:

1.40 మీద తేలినది: 10 శాతం, బూడిద 12
1.40–1.50: 20 శాతం, బూడిద 20
1.50–1.60: 25 శాతం, బూడిద 28
1.60–1.70: 15 శాతం, బూడిద 37
1.70–1.80: 10 శాతం, బూడిద 45
1.80లో మునిగినది: 20 శాతం, బూడిద 62

బరువుల మొత్తం 100. లబ్ధాల మొత్తం 3465, అంటే బూడిద 34.65. ల్యాబు కాగితంలో 34.65కు దగ్గరి అంకె లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరవనే వద్దు.

కర్వు వెనక్కి తిరుగుతోంది, లేదా దిగుబడి 100 దాటుతోంది

సంచిత (పై తరగతులన్నీ కూడుకుంటూ వచ్చిన) అంకెలను విడి తరగతుల అంకెలుగా ఎక్కించారు. పై టేబులులో 1.60 దగ్గర సంచిత దిగుబడి 55, సంచిత బూడిద 22.2. అవి విడి అంకెల కాలమ్‌లో కూర్చుంటే మొత్తం 300 దాటిపోతుంది. మోడల్లో ఎప్పుడూ విడి తరగతులనే నిల్వ చేయండి. సంచితం చివర్లో లెక్కించుకునేదే.

సీము మొత్తానికి కలిపినప్పుడు రాయి తక్కువగా కనిపిస్తోంది

పొరలను మందంతోనే తూచారు. 1.2 మీటర్ల బొగ్గు సాంద్రత 1.45, 0.4 మీటర్ల రాతి పొర సాంద్రత 2.1 అనుకోండి. మందం లెక్కన రాయి 25 శాతం, బరువు లెక్కన 32.6 శాతం. మందాన్ని సాంద్రతతో గుణించి తూచండి.

బోరుహోళ్ల దగ్గర అంతా సరిగ్గా ఉంది, వాటి మధ్య బొగ్గు మరీ మంచిదైపోయింది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక ప్రాజెక్టులో రెండు హోళ్ల మధ్య కడిగిన బొగ్గు బూడిద ఆ రెండింటికన్నా తక్కువ వచ్చింది. నేను అంచనా పద్ధతిని అనుమానించాను, వెతికే దూరాన్ని (ఎంత దూరంలోని హోళ్లను లెక్కలోకి తీసుకోవాలో) మార్చాను, ఘాతాంకాన్ని (దూరం పెరిగేకొద్దీ హోలు ప్రభావం ఎంత వేగంగా తగ్గాలో చెప్పే అంకె) 2 నుంచి 3కు పెంచాను, రెండు రోజులు పోయాయి. చివరికి ల్యాబు నుంచి వచ్చిన అసలు కాగితం తీశాను. ఒక హోలులో 1.40 మీద ఏమీ తేలలేదు. ల్యాబువారు బరువు గడిలో 0 రాసి, బూడిద గడిలో చిన్న గీత పెట్టారు. ఆ గీతను సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. ఎక్కించేవారెవరో ఎక్సెల్‌లో గీతలన్నిటినీ ఒక్క దెబ్బతో సున్నాలు చేశారు.

బరువు దగ్గరి సున్నా నిజమైన కొలత: అక్కడ ఆ బొగ్గు లేదు. బూడిద దగ్గరి సున్నా కొలత కాదు, అక్కడ కొలవడానికి ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియదు. అది సున్నా బూడిద ఉన్న బొగ్గు దొరికిందనుకుంటుంది.

మొదటి హోలులో ఈ తరగతి 10 శాతం, బూడిద 12. రెండో హోలులో 0, 0. సరిగ్గా మధ్యలో గ్రిడ్ (హోళ్ల మధ్య బిందువులకు సాఫ్ట్‌వేర్ వేసే అంచనాల వల) ఇచ్చేది 5 శాతం, బూడిద 6. నిజానికి అది 5 శాతం, బూడిద 12 కావాలి. 1.40–1.50 తరగతి రెండు హోళ్లలోనూ 20 శాతం, బూడిద 20 అనుకుంటే, 1.50 కోత (బొగ్గును రాయి నుంచి వేరుచేసే సాంద్రత) దగ్గర మోడల్ బూడిద 17.2 చూపిస్తుంది, అసలు విలువ 18.4. ఉక్కు కర్మాగారం 18కి మించకూడదంటే మోడల్లో సరుకు పాసవుతుంది, వాషరీలో (బొగ్గు కడిగే ప్లాంటులో) ఫెయిలవుతుంది.

ఇది ఎందుకు దొరకదంటే, హోళ్ల దగ్గర ఏ పరీక్షకూ చిక్కదు. సున్నా బరువును సున్నా బూడిదతో గుణిస్తే సున్నాయే కాబట్టి నేను పైన చెప్పిన లెక్క చక్కగా సరిపోతుంది. పొరలు కలిపినా సరిపోతుంది. గ్రిడ్ వేశాక మాత్రమే బయటపడుతుంది, అప్పుడు కూడా మొత్తం బూడిదలో తేడా 0.3 మాత్రమే. అందుకే అదే గుణకారాన్ని గ్రిడ్ బిందువుల దగ్గర కూడా చేసి, ముడిబొగ్గు బూడిద గ్రిడ్‌తో పోల్చండి. ఆ 0.3ను చిన్నదని వదిలేయకండి. అది ఏ తరగతిలో ఉందో చూడండి.

పరిష్కారం: బూడిదను నేరుగా గ్రిడ్ చేయకండి. బరువు, బూడిదల లబ్ధాన్ని కొత్త కాలమ్‌గా పెట్టి, బరువును, లబ్ధాన్ని గ్రిడ్ చేసి, చివర్లో భాగించండి. పై ఉదాహరణలో లబ్ధాలు 120, 0. మధ్యలో 60. దాన్ని 5తో భాగిస్తే 12. సున్నా సమస్య దానంతటదే పోయింది. సున్నాలు లేనప్పుడు కూడా ఇదే సరైన దారి. ఒక హోలులో 10 శాతం బూడిద 12, ఇంకోదాంట్లో 40 శాతం బూడిద 16 ఉంటే, నేరుగా అంచనా వేస్తే 14 వస్తుంది, బరువుతో తూస్తే 15.2.

కొందరు విషయం తెలియగానే ఉత్సాహంగా సున్నాలన్నిటినీ ఖాళీ చేసేస్తారు, బరువు సున్నాలతో సహా. అది ఇంకో గొయ్యి. బరువు ఖాళీ అయితే పక్క హోలులోని 10 శాతం ఇక్కడికీ పాకుతుంది, తరగతుల మొత్తం 100 దాటుతుంది. ఖాళీ చేయాల్సింది బూడిదను మాత్రమే, లబ్ధం గడిలో 0 అలాగే ఉండాలి. అలాగే తరగతులన్నిటికీ ఒకే పద్ధతి, ఒకే వెతికే దూరం, ఒకే హోళ్లు ఉండాలి. ఒక్కో తరగతికి ఒక్కో అమరిక పెడితే మొత్తం 100గా నిలవదు.

ఇంత పట్టింపు అవసరమా అని అడుగుతారు. ఝరియా నుంచి గోదావరి లోయ దాకా మనది గోండ్వానా బొగ్గు, రాయి బొగ్గులో కలిసిపోయి ఉంటుంది. పై టేబులులో 1.60 కోతకు అటూ ఇటూ 0.1 లోపు 40 శాతం సరుకు ఉంది. కోత దగ్గరి సరుకు శాతాన్ని బట్టి కడగడం ఎంత కష్టమో చెప్పే బర్డ్ వర్గీకరణలో 25 దాటితేనే కడగడానికి అత్యంత కఠినమైన తరగతి. అక్కడ కోత సాంద్రత 0.01 జరిగితే దిగుబడి సుమారు 2 శాతం మారుతుంది.

మోడల్ దిగుబడి వాషరీలో రావడం లేదు

0.5 మిల్లీమీటర్ల లోపు పొడిని సాధారణంగా ఫ్లోట్-సింక్ చేయరు. దాన్ని లెక్కలో వదిలేసి, మిగిలినదాన్ని 100గా తీసుకున్నారేమో చూడండి. తవ్వకంలో కలిసే పైకప్పు రాయి కూడా హోలు నమూనాలో ఉండదు.

మిగతావి

నమూనాకు అంటిన జింక్ క్లోరైడ్‌ను (పరీక్ష ద్రవంలోని లవణం) సరిగా కడగకపోవడం, హైడ్రోమీటరు (ద్రవ సాంద్రత కొలిచేది) తప్పు చూపడం, తేమ ప్రాతిపదికలు కలగాపులగం కావడం. ఉంటాయి, కానీ అరుదు. ముడిబొగ్గు బూడిద సరిపోయిందంటే హైడ్రోమీటరు తప్ప మిగతావాటి జోలికి వెళ్లనక్కర్లేదు; హైడ్రోమీటరు తప్పు ఆ లెక్కలో బయటపడదు. సరిపోకపోతే మిగిలిన సగం నమూనాను మళ్లీ పరీక్షించమని ల్యాబును అడగండి, అది పారేయకముందే.