సముద్రగర్భ అగ్నిపర్వతం మీద డ్రోన్ ఎగరేసే ముందు

1952 సెప్టెంబరు 24న జపాన్ సర్వే నౌక కైయో మారు-5 టోక్యోకు దక్షిణాన మ్యోజిన్ షో అనే సముద్రగర్భ అగ్నిపర్వతాన్ని చూడ్డానికి దగ్గరికి వెళ్లింది. అది పేలింది. నౌకలోని 31 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఇప్పుడు విమానాలు, డ్రోన్లు ఉన్నాయి, నిజమే. కానీ డ్రోన్ ఎగరేసేవాళ్లు పడవలోనే ఉంటారు కదా. అందుకే ముందు పడవ సంగతి చూసుకోండి.

కరీబియన్ దీవి గ్రెనడా దగ్గర కిక్ ఎమ్ జెన్నీ అనే సముద్రగర్భ అగ్నిపర్వతం చుట్టూ, అది నిద్రపోతున్నా సరే, 1.5 కిలోమీటర్ల లోపలికి పడవల్ని రానివ్వరు. ప్రమాదం పెరిగితే 5 కిలోమీటర్లు. బుడగలు లేచే నీళ్లు తేలికబడి పడవను మోయలేవు. అగ్నిపర్వతం నుంచి వచ్చి నీటిమీద తేలే ప్యూమిస్ రాళ్లు (లోపలంతా గాలి రంధ్రాలున్న తేలికైన రాళ్లు) కనిపించినా దారి మార్చండి. 2021 ఆగస్టులో జపాన్‌లోని ఫుకుటోకు ఒకనోబా అనే సముద్రగర్భ అగ్నిపర్వతం నుంచి లేచిన రాళ్లు అక్టోబరుకల్లా ఒకినావాకి కొట్టుకొచ్చాయి. ఇంజిన్‌ని చల్లబరిచే నీటితో పాటు అవి లోపలికి వెళ్తే నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోతుంది.

బూడిద, పొగ మీదికి రాకుండా పడవను గాలి వచ్చే వైపే ఉంచాలి. ఇక్కడే ఒక చిక్కుంది. డ్రోన్ వెళ్లేటప్పుడు గాలి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురుగాలి. సగం ఛార్జింగ్ ఉందిలే అనుకుంటే దారిలోనే నీళ్లలో పడుతుంది. నేనైతే 65 శాతం దగ్గరే వెనక్కి తిప్పమంటాను. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: డ్రోన్ ఎక్కడ లేచిందో ఆ చోటునే ఇల్లనుకుంటుంది. పడవ ఈలోపు పక్కకి జరిగిపోతుంది. సిగ్నల్ పోతే డ్రోన్ బుద్ధిగా తిరిగొచ్చి, ఖాళీ నీళ్ల మీద దిగుతుంది. ఎగరేసే ముందే ఆ సెట్టింగ్ మార్చుకోండి. ఇనుప డెక్ మీద కంపాస్ కూడా తప్పు చూపిస్తుంది.

ఫోటోల్లో అసలు విషయం నీటి రంగు. అగ్నిపర్వతం నుంచి నీటిలో కలిసేవాటిలో ఇనుము ఎక్కువైతే పసుపు, గోధుమ రంగు. అల్యూమినియం, సిలికా ఎక్కువైతే పాలలా తెలుపు. కెమెరాలో రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే ఆ తేడాను అదే చెరిపేస్తుంది. ఒకచోట ఫిక్స్ చేసి పెట్టండి. నడినెత్తిన ఎండ ఉంటే కింద తళుకు తప్ప ఏమీ పడదు. మేఘం నీడను నీటి రంగు మచ్చ అనుకోకండి, కాసేపాగి మళ్లీ తీయండి.

వేడిని చూపే థర్మల్ కెమెరా నీటి పైపొరనే చూస్తుంది. అడుగున ఎంత వేడి ఉన్నా పైకి రాకపోతే దానికి తెలీదు. "థర్మల్‌లో ఏమీ లేదు, ఇంకాస్త దగ్గరికి వెళ్దాం" అని ఎంత పెద్దవారన్నా ఒప్పుకోవద్దు. రెండో ఫ్లైట్‌లో రంగు మచ్చ పెరిగినట్టు కనిపిస్తే డ్రోన్ పోయినా ఫర్వాలేదు, వెంటనే పడవను తిప్పేయండి.